కనకం ఆరబెట్టిన రింగులు

హాజరు పుస్తకంలో కనకం స్వీపర్. షెడ్డులో చేసే పని వేరు.

రైలు పట్టాల మీద కట్టబోయే కాలివంతెనకి ఉక్కు దూలాలు ఆ షెడ్డులోనే తయారయ్యేవి. ప్రతి దూలం పైభాగాన బొటనవేలంత లావు స్టడ్‌లు వరసగా అతికించాలి. పుట్టగొడుగులా తల ఉన్న ఉక్కు ముక్కలవి. తరవాత పోసే కాంక్రీటు ఆ తలల కింద పట్టు చిక్కించుకుంటుంది. అవి ఊడితే కాంక్రీటు దారి కాంక్రీటుది, ఉక్కు దారి ఉక్కుది.

అతికించేవాడు పైడిరాజు. స్టడ్‌ని గన్ను మూతిలో దోపి, పాదం చుట్టూ పింగాణీ రింగు ఉంచి, దూలానికి ఆనించి మీట నొక్కుతాడు. స్టడ్ కాస్త పైకి లేస్తుంది. కింద మెరుపు పుట్టి రెండు ఉక్కులూ కరుగుతాయి. గన్ను స్టడ్‌ని ఆ కరుగులోకి దించేస్తుంది. అంతా ఒక్క క్షణం. కరిగిన లోహం చిమ్మిపోకుండా ఆపేది ఆ రింగే. చల్లారాక కనకం చిన్న సుత్తితో రింగు పగలగొట్టి తీస్తే, అడుగున గాజు తొడిగినట్టు చుట్టూ మెరిసే అంచు కనిపించాలి.

రింగుకి చెమ్మ తగిలితే అది ఆవిరై లోహంలో బుడగలు లేపుతుంది. ఈ సంగతి కనకానికి ఎవరూ చెప్పలేదు. మొదటి వానాకాలంలోనే కళ్లారా చూసి తెలుసుకుంది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే బొగ్గుల సిగిడీ వెలిగించి, రేకులో రింగులు పరిచి, వడియాలు తిరగేసినట్టు తిరగేసేది. ఆ పనికి పుస్తకంలో పేరు లేదు.

అంతకుముందు నాలుగేళ్లు ఆమె రైలు వ్యాగన్ల బొగ్గు దించే సైడింగులో తట్టలు మోసింది. దగ్గితే నల్లగా పడేది. మళ్లీ ఆ దుమ్ములోకి వెళ్లొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. షెడ్డు గేటు పాసు ఆమెకి జీతమొక్కటే కాదు, ఊపిరి కూడా.

తొంభై రెండు శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. దూలం శనివారానికి వెళ్లాలని సూపర్‌వైజర్ దిలీప్ తొందర.

“పది రింగులు ఆరబెట్టు, బస్. ఇంజనీరు సాబ్ మొదటి పదే కొట్టి చూస్తారు. బాకీ సబ్ ఐసే హీ చలేగా, మిగతావి తడివైనా నడిచిపోతుంది.”

“తడి రింగుకి అతుకు నిలబడదు బాబూ.”

“అచ్ఛా? నువ్వు ఇంజనీరువా?”

మొదటి పదీ పొడిరింగులతో ఠప్ ఠప్‌మని పడ్డాయి. తరవాతవి చిటపటలాడాయి. పగలగొట్టి చూస్తే చాలావాటికి అంచు సగమే ఉంది. కనకం పైడిరాజు వైపు చూసింది.

“నాకేటి తెల్దనుకున్నావా ఒదినా? నీ నోరూ నా నోరూ మూసుకుంటేనే రేపు గేటు తీత్తారు,” అన్నాడతను.

ఇంజనీరు రమణమూర్తి వచ్చేసరికి, వాన జల్లు కొడుతోందని దిలీప్ మిగతా వరసల మీద తార్పాలిన్ కప్పించాడు. మొదటి పదింటినీ సమ్మెటతో కొట్టారు. అన్నీ వంగాయి, ఒక్కటీ విరగలేదు. అతుకు మంచిదైతే స్టడ్ వంగుతుంది గాని ఊడదు. వంగినవాటిని అలాగే కాంక్రీటులో ఉంచేస్తారు. రమణమూర్తి జేబులోంచి పెన్ను తీశాడు.

కనకం చీపురు పక్కన పెట్టి తార్పాలిన్ అంచు పైకెత్తింది.

“బాబూ, ఇదొక్కటి కొట్టించండి.”

“అరే, ఝాడూవాలీ హై సార్, ఇసే కుఛ్ నహీ మాలూమ్, ఊడ్చేదానికేం తెలుసు,” అని దిలీప్ నవ్వబోయాడు.

“అంచు సుట్టూ లేదు బాబూ. సూడండి.”

రమణమూర్తి వంగి చూశాడు. అంచు పూర్తిగా లేని స్టడ్‌ని కొట్టి చూడాలన్నది ఆయన చదివిన పుస్తకంలోనే ఉంది. కొట్టమని సైగ చేస్తే ఎవరూ కదల్లేదు. కాసేపటికి పైడిరాజే సమ్మెట ఎత్తాడు. ఒక్క దెబ్బకి స్టడ్ ఎగిరి అవతల పడింది. మొదలంతా అట్టు మీద చిల్లుల్లాంటి చిల్లులు.

ఆ వరసలన్నీ కోసి మళ్లీ అతికించారు. తనిఖీలో లోపం బయటపడిందని రిపోర్టులో రాశారు. ఎవరి కంటపడిందో రాయలేదు. సోమవారం కనకం పాసు రెన్యువల్ కాలేదు. వెల్డర్లు దొరకరు గనక పైడిరాజుని ఉంచారు. చీపురు పట్టే మనిషి ఎప్పుడైనా దొరుకుతుందని షెడ్డు కాంట్రాక్టు నడిపే ఠేకేదార్ల నమ్మకం. ఆమెతో పాటు ఏం పోయిందో వాళ్ల లెక్కకి అందదు.

కనకం ముక్కుకి గుడ్డ కట్టుకుని మళ్లీ సైడింగుకే వెళ్లింది.

మరుసటేడు వంతెన తెరిచారు. ఒక వాన పొద్దున దాని మీదే పైడిరాజు ఎదురయ్యాడు. తలెత్తి చూడలేక కాసేపు గొడుగు సర్దుకున్నాడు.

“దగ్గు ఎలగుంది ఒదినా?”

“ఉంది. రింగులెవరు ఆరబెడతన్నారు?”

“నేనే. సిగిడీ రాజుకోందే గన్ను ముట్టనని సెప్పీసినాను. దిలీపు తిట్టుకుంటన్నాడు.”

“తిట్టుకోనీ. తిరగేత్తన్నావా మరి?”

“రెండుసార్లు.”

“మూడుసార్లు తిరగెయ్యి. వానాకాలం,” అని కనకం దగ్గుతూ మెట్లు దిగింది.