సమ్మె టెంటులో కట్టిన ఓడ

మొన్న ఆదివారం మానుకోటలో మా ఇంట్లో పేపరు విప్పగానే లోపలినుంచి ఒక రంగుల కాగితం జారి ఒళ్ళో పడింది. మనుషులు లేని దీవుల వెంట, అడవి అంచున, ఏడు రోజులు ఓడ మీద సాహసయాత్ర అట, ఫోనులో ఒక్క మీట నొక్కితే చాలట. మా కోడలు చూసి "పోతవా అత్తమ్మా?" అని నవ్వింది గానీ, అటువంటి యాత్రే ఒకటి మేము నెల రోజులు కూర్చున్న చోటినుంచి కదలకుండా చేసిన సంగతి గుర్తుకొచ్చి, చాయ చల్లారేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె నాటి మాట. బయ్యారం దగ్గరి బడిలో నేను తెలుగు చెప్పేదాన్ని, మా పెద్దనాయిన కొడుకు, అంటే మా అన్న, అదే బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాడు. బడులకు తాళాలు పడ్డాయి, పంతుళ్ళమంతా పొద్దున్నే రోడ్డు పక్క టెంటు కిందికి చేరి నినాదాలిచ్చేవాళ్ళం, వంటావార్పు రోజున నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి పప్పుచారు కాచేవాళ్ళం. కానీ ఆ టెంట్లలో కూర్చున్న వాళ్ళకు తెలుసు, ఎంత గొప్ప ఉద్యమంలోనైనా అన్నం తిన్న తర్వాత నాలుగింటి దాకా పొద్దు పోవడం కష్టమే. అట్లాంటి ఒక మధ్యాహ్నం అన్న నా పక్కకు జరిగి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, ఒక తప్పు ఒప్పుకున్నాడు.

ముప్పై ఏండ్లుగా పటం మీద కర్ర ఆనించి రేవులూ దీవులూ చెప్పిన మనిషి సముద్రం చూడనే లేదట! అది తప్పు కాదు. ఆ ఏడు ఎనిమిదో తరగతి పిల్లలు "చూసిండ్రా సార్?" అని అడిగితే, చూశానని చెప్పడం తప్పు. "వచ్చే ఎండాకాలం రిటైరైత చెల్లె. పిల్లలకు అబద్ధం జెప్పి దిగిపోవుడు నాతోని కాదు. గాలోపు పోయి జూసి రావాలె," అన్నాడు, కళ్ళు దించుకుని.

నా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా టెంటంతా తెలిసిపోయింది, మర్నాటికల్లా అది అన్న ఒక్కడి యాత్ర కాకుండా పోయింది. సముద్రం చూడడమేంది, పోతే అండమాన్‌కే పోదామని, పెద్ద ఓడ దిగి చిన్న పడవల్లో అడవి ఒడ్డు వెంబడి తిరగాలని, అందరం కలిసి సంతకాల కాగితం వెనక దీవుల పటం గీసుకున్నాం. విశాఖలో ఎక్కాలా, చెన్నైలో ఎక్కాలా అని రెండు రోజులు కొట్లాట జరిగింది. రోజూ ఆంధ్రా వాళ్ళను తిట్టి మళ్ళీ వాళ్ళ విశాఖ రేవులోనే ఓడెక్కితే నలుగురూ ఏమనుకుంటారని లెక్కల సారు వాదం. అన్నేమో, "కొట్లాట సర్కారుతోని గదా, సముద్రంతోనా?" అని విసుక్కునేవాడు. మా వదినకు ఈ గొడవలేవీ పట్టలేదు, ఏడు రోజులకు సరిపడా సకినాలూ మామిడికాయ తొక్కూ లెక్కగట్టి, ఉప్పునీళ్ళ మధ్యకు పోతున్నాం కాబట్టి మంచినీళ్ళ డబ్బాలు ఇంటినుంచే మోసుకుపోవాలని తీర్మానించింది.

ఓడ ఊగుతుందని ఎవరో భయపెడితే, అలవాటు కావడానికని చేపలు పట్టేవాళ్ళను బతిమాలి బయ్యారం చెరువులో పడవ కూడా ఎక్కాం. రెండు చుట్లు తిరిగేసరికి అన్నకు కళ్ళు తిరిగి, ఒడ్డున వదిన ఇచ్చిన నిమ్మకాయ చప్పరిస్తూ కూలబడ్డాడు. అయినా జనవరి సెలవులకు ప్రయాణం ఖాయం చేసుకున్నాం.

చేసిన పొరపాటు అదే. సమ్మె ముగిసింది, పోయిన పాఠాలు పూర్తి చేయాలని ఆదివారాలూ పండుగ సెలవులూ అన్నీ బడికే పోయాయి. సమ్మె చేసి బడి మూసిన మేమే, బడి సెలవులు మాకోసం ఎదురుచూస్తుంటాయని నమ్మాం! అందరం నవ్వుకున్నాం గానీ అన్న ముఖం మాత్రం మాడిపోయింది, నాకు చాలా బాధేసింది.

అటువంటి ఒక ఆదివారం పాఠం నడుస్తుండగా పక్క గదిలోంచి అన్న గొంతు వినిపించింది. సముద్రం చూడలేదని, అబద్ధం చెప్పానని పిల్లలకు చెబుతున్నాడు. నేను బోర్డు మీద రాయడం ఆపి చెవి ఒగ్గాను. అంతలో ఒక ఆడపిల్ల, "నేను జూసిన సార్," అంది. తండా పిల్ల, ఒక ఏడాది తల్లిదండ్రుల వెంట కోస్తాకు, రొయ్యల చెరువుల పనికి పోయొచ్చింది.

కిటికీ దగ్గరికి పోయి చూస్తే, అన్న కర్ర ఆ పిల్ల చేతికిచ్చి తాను మొదటి బల్ల మీద పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. "నీళ్ళు ఒక్కతాన ఆగయి సార్. నిలవడితె కాళ్ళ కింది ఇసుక గుంజుకపోతది. మా యాడి భయపడ్డది, నేను పడలే," అని ఆ పిల్ల వాళ్ళమ్మను తలుచుకుని నవ్వుతోంది. అన్న వేలెత్తి మరీ అడుగుతున్నాడు: చప్పుడు ఎట్లుంటది బిడ్డా, వాసన ఎట్లుంటది, అవతలి గట్టు నిజంగానే కనవడదా? గంట కొట్టినా ఒక్క పిల్లా లేవలేదు.

రిటైరయ్యాక అన్నా వదినా రైలెక్కి పోయి సముద్రం చూసొచ్చారు. ఎట్లుందని అడిగితే, "ఆ పిల్ల జెప్పినట్టె ఉన్నది," అన్నాడు, అంతే. కూర్చుని అడిగిన రాష్ట్రం వచ్చింది, మా వాళ్ళంతా ఇప్పుడు దేశాలు తిరిగొస్తున్నారు, అది చూస్తే నాకు సంబరమే. పోయిన చోటినుంచే ఫోటోలు పంపుతారు, నేను చూసి బొటనవేలు గుర్తు ఒకటి పెట్టేస్తాను. వచ్చాక కూర్చోబెట్టుకుని, వాసన ఎట్లుంది బిడ్డా అని ఒక్కరినైనా అడిగానా అంటే, అడగలేదు.