బెండు పిడి మీద వేళ్లు

కొండాపూర్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో ఒక నర్సు ఆంటీ ఉండేది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే, చనిపోయిన భర్త ఫిషింగ్ రాడ్‌ను ముందేసుకుని కూర్చునేది. దాని కార్కు బెండు పిడిని సబ్బునీళ్లతో తడిపి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దేది. ఎండలో పెడితే బెండు పగులుతుందని నీడలోనే ఆరబెట్టేది. అంత తెల్లబడిన పిడి వారం తిరిగేసరికి నల్లబడేది.

"మల్ల పట్టుకున్నడు," అనేది, ఇంట్లో ఎవరో టీవీ రిమోట్ తీసినంత మామూలుగా.

తనే తెలియకుండా పట్టుకుంటోందని అనుకునేవాణ్ణి.

ఒకసారి మోకాలి ఆపరేషన్‌కు దవాఖానలో చేరుతూ, అప్పుడే కడిగి ఆరబెట్టిన రాడ్‌ను నాకిచ్చింది. "నీ దగ్గర పెట్టు బిడ్డా. జర పైలం." నేను ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. రాడ్‌ను రెండు ముక్కలుగా విప్పి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఆమె తిరిగొచ్చాక, ఆమె ముందే బీరువా తెరిచాను. పిడి చుట్టూ నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు నల్లగా అచ్చుపడి ఉన్నాయి.

"నావేనేమో ఆంటీ," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆ మచ్చల మీద ఆనించింది. అచ్చులు నా వేళ్లకన్నా వెడల్పు; రెండు పక్కలా ఆ నలుపు ఇంకా కనబడుతూనే ఉంది.

ఆమె భయపడలేదు. నా ముఖంలోకి ఆశగా చూసింది.

"నీతోని ఏమన్న మాట్లాడిండా?"

"లేదాంటీ."

"నాతోని గూడ ఇంతే బిడ్డా. పట్టుకుంటడు, పోతడు. ఒక్క మాట మాట్లాడడు."