‘Either’ కొట్టేశాను

పాచిపెంట స్కూల్లో పదో తరగతి అన్నయ్యా నేనూ కలిసే చదివాం. వాడు నాకంటే ఏడాది పెద్ద. జబ్బు చేసి ఒక సంవత్సరం చదువు ఆగిపోవడంతో నా తరగతిలోకి వచ్చాడు. పరీక్షలు దగ్గరపడుతుండగా ఒకరోజు నాన్న అన్నం తింటూ, "సాలూరు కాలేజీకి మీలో ఒకలే. రెండోవోరు పొలం సూసుకోవాల" అన్నాడు. ఆ ఒక్కరు ఎవరో చెప్పలేదు. ఆడపిల్లని నేనున్నాక చెప్పనక్కర్లేదు కూడా. అమ్మ నావైపు చూడకుండా కూర వడ్డించింది.

ఆ వారంలోనే ఇంగ్లీషు టీచరు చిన్న పరీక్ష పెట్టారు. కర్తలు ఇద్దరైతే క్రియ ఎలా మారుతుందన్నది పాఠం. అందులో ఒక ఖాళీ: Either my brother or I ___ going to college. అన్నయ్యో నేనో, ఎవరో ఒకరమే కాలేజీకి వెళ్తామని అర్థం. జవాబు నాకు తెలుసు. or ఉంటే క్రియ తన పక్కనున్న మాటను బట్టి నడుస్తుంది. పక్కనున్నది I కాబట్టి am. కానీ రాయబుద్ధి కాలేదు. మా ఇంటి మాటే పేపరు మీదికి వచ్చినట్టుండి ఒళ్లు మండింది. Either కొట్టేసి, or కొట్టేసి, కింద My brother and I are going to college అని రాశాను.

పేపర్లు ఇచ్చేటప్పుడు టీచరు నన్ను బల్ల దగ్గరికి పిలిచారు.

"ప్రశ్నే మార్చేశావేంటి? రూలు తెలీదా?"

"తెలుసు టీచర్. am రావాల."

"మరి?"

"మా ఇంట్లోనూ ఇదే అంటన్నారు టీచర్. ఇద్దర్లో ఒకలే ఎల్లాలంట. నాను ఒప్పుకోను."

ఆవిడ పేపరు నా చేతిలో పెట్టారు. "మార్కు మాత్రం ఇవ్వను. పబ్లిక్ పరీక్షలో am రాయి. ఇంట్లో చెప్పాల్సింది ఇంట్లో చెప్పు" అన్నారు. సున్నా సున్నాగానే ఉండిపోయింది. నాకేం బాధ వేయలేదు.

ఇద్దరం పాసయ్యాం. అన్నయ్యను కాలేజీలో చేర్చడానికి నాన్న బయల్దేరుతుంటే, నేనూ తల దువ్వుకుని, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు నాన్న.

"నానూ వొత్తన్నాను."

"పొలం పని ఎవులు సేత్తారు?"

"ఇద్దరం సేత్తాం. కాలేజీకి ఎల్లకముందు, వొచ్చేక. అన్నకి మాత్రం సేతుల్లేవా?"

"ఈ గుంటకి నోరెక్కువైపోనాది."

"అవును నాన్నా."

అప్పటిదాకా తలొంచుకున్న అన్నయ్య, "దాన్నీ రానీ నాన్నా. పని నానూ సేత్తాను కదా" అన్నాడు. నాన్న బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు. వెనక్కి పొమ్మనలేదు కాబట్టి నేనూ బస్సెక్కాను.

కాలేజీలో గుమాస్తా ఒక్క దరఖాస్తే ఇచ్చాడు. నేను కిటికీలోంచి చెయ్యి చాపి ఇంకోటి అడిగి తీసుకున్నాను. నింపి నాన్న ముందు పెట్టాను. ఆయన చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, చివరికి సంతకం పెట్టాడు. నా ముఖం చూడలేదు. వానలు పడి, కొండ కింద మా మడిలో నాట్లు అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. రోజూ తెల్లారేసరికి అన్నయ్యా నేనూ పొలంలో ఉండేవాళ్లం. తర్వాత కాళ్ల బురద కడుక్కుని సాలూరు బస్సు ఎక్కేవాళ్లం.