వెనకవైపు తొర్ర

నా భార్య పోయిన నెలలో కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా ఇంట్లోనే కన్నుమూసింది. ఆమెతో పనిచేసినవాళ్లు ఉత్తర బెంగాల్ అడవుల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకూ, ఇక్కడి మన తెలుగువాళ్లకూ తెలియాలని రాస్తున్నాను.

అటవీశాఖలో ఆమె పని, ఏటా కొట్టాల్సిన సాల్ (గుగ్గిలం) చెట్లకు సుత్తితో ముద్ర వేయడం. ముద్ర లేని చెట్టును ఎవరూ ముట్టకూడదు. నేను ఇక్కడే వాట్‌గంజ్‌లో ఒక కలప డిపోలో దుంగల నాణ్యత చూసేవాణ్ణి. తొర్ర చెట్లు దేనికీ పనికిరావు, ముందు వాటినే కొట్టించమనేవాణ్ణి.

"చెట్లు కొట్టొద్దన్లేదు. తొర్రున్నవి ఒగ్గీమంతన్నాను. మీకు దుంగ కావాల, పిట్టలకి ఇల్లు కావాల," అనేది.

ఒక ఏడు, నరుకుడు ముగిసే వారం, లారీలు ఎదురుచూస్తున్నాయని నేనే ఆమెకు ఫోన్ చేసి తొందరపెట్టాను. ఆ సాయంత్రం ఆమె ఒక చెట్టును ముందు వైపు మాత్రమే చూసి ముద్ర వేసింది. తొర్ర వెనకవైపు ఉంది. అందులో ధనేశ్ అనే పెద్దముక్కు పక్షి గుడ్ల మీద ఉంది. ఆ కాలంలో ఆడపక్షి తొర్రను మట్టితో మూసుకుని లోపలే ఉండిపోతుంది. మగది పండ్లు తెచ్చి చిన్న సందులోంచి అందిస్తుంది. చెట్టు పడ్డాక లోపలిది బతకలేదు.

ఆ తర్వాత ఏ చెట్టునైనా చుట్టూ తిరిగి చూడకుండా ఆమె సుత్తి ఎత్తలేదు. రిటైరై ఇక్కడికి వచ్చాక కూడా మా వీధి చివరి కృష్ణచూడ (తురాయి) చెట్టు చుట్టూ ఒకసారి తిరిగేది. "ఏటి వదినా, పెదచ్చినాలా?" అని పక్కింటావిడ ఆటపట్టిస్తే, "ఎనకేపు సూడాల గదా," అని నవ్వేది.

నా ఫోన్ సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

చివరి నెలల్లో మంచం దిగలేకపోయింది. రోజూ సాయంత్రం జామపండు తెచ్చి, ముక్కలు కోసి తినిపించేవాణ్ణి. ఒకరోజు తింటూ తింటూ ఆగింది.

"ఆ మగది మూడ్రోజులొచ్చిందండి. చెట్టున్న చోటే గాల్లో తిరిగీది. నోట్లో పండు ఒగ్గలేదు."

నేను ఫోన్ చేయకుండా ఉండాల్సింది అన్నాను.

"ముద్ర ఏసింది నాను," అంది. ఇంకో ముక్క అడిగింది.

నిన్న సాయంత్రం బజారులో జామపండ్లు కొన్నాను. మెట్లెక్కి, తాళం వేసి ఉన్న తలుపు చూశాక గుర్తొచ్చింది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. సంచి కింద పెట్టలేదు.