రిజిస్టరులో మొలిచిన రెండో గొట్టం

బన్సీలాల్‌పేటలో మా పక్కింటి తుపాకుల మిస్త్రీ గారు గత మంగళవారం ఉదయం కన్నుమూశారని పాఠకులకు విచారంతో మనవి చేస్తున్నాను. కారణం గుండె అని డాక్టరు రాశారు. రాసినదానితో వాదించరాదని గత మూడేళ్లలో నేర్చుకున్నాను గనుక వాదించను. పోలీసు స్టేషను కాగితాల ప్రకారం మాత్రం ఆయన నేటికీ 'స్వయంగా హాజరు కావలసిన వ్యక్తి'.

జీవితమంతా బజారులో ఒక తుపాకుల దుకాణం వెనక గదిలో కూర్చుని పరుల తుపాకులు బాగుచేసిన ఆయనకు, పని మానేసిన తరువాత సొంత తుపాకీ ఒకటి కొనుక్కోవాలనిపించింది. వేటకు పర్మిట్లు ఇంకా ఇస్తున్న రోజులవి. అల్వాల్ అవతల బావమరిది చేనును అడవిపందులు దున్నేస్తున్నాయి. ఆకురాయి పట్టి పట్టి అరిగిన మణికట్టు, ప్రతి దెబ్బకూ తుపాకీని నడుం దగ్గర వంచి తెరిచి తూటా పెట్టడానికి ఒప్పుకోదు. అందుచేత ఒకసారి నింపితే తనంతట తానే తూటా మార్చుకునే సెమీ ఆటోమేటిక్ కావాలి. పింఛను లేదు గనుక చవకగా కావాలి. తాను మిస్త్రీ గనుక నమ్మదగినదై ఉండాలి. ఈ అన్వేషణకు రెండేళ్లు పట్టింది. సైకిలు తొక్కే హోదాలో నేను ప్రతి ఆదివారం వెంట ఉన్నాను.

నేరేడ్‌మెట్‌లో ఒక రిటైర్డు దొర వెండి నగిషీతో బాతులు చెక్కిన తుపాకీ చూపించారు. మిస్త్రీ గారు బాతుల వంక చూడలేదు. లాల్చీ జేబులోంచి మందు తీసేసిన పాత కాగితపు తూటాలు బయటికి తీశారు. వానాకాలం తేమకు ఉబ్బిపోయినవాటిని ఆయన ప్రత్యేకంగా దాచిపెట్టుకునేవారు. వాటిని నింపి, ఒక్కొక్కటే బయటికి వచ్చేలా మీట లాగారు. మూడోది ఇరుక్కుంది.

"దీనికి ఫారిన్ తూటాలు వాడాలి మిస్త్రీ" అన్నారు దొర.

"మంచి తూటా ఏస్తే ప్రతి తుపాకీ మంచిదే దొరా. ఉబ్బిన తూటా తిని సుత కక్కాలె. గప్పుడు నమ్ముత."

గేటు దాటాక నాతో అన్నారు: "బాతులు మస్తున్నయ్ తమ్మీ. పందికి చూపిస్తే నవ్వి నవ్వి సచ్చిపోతదేమో."

ధర అడిగే ముందు స్ప్రింగు విరిగితే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందో అడగమనేవారు. ఒక్క స్క్రూడ్రైవరుతో, ఒక్క చేతిరుమాలు మీద విప్పి బిగించలేని తుపాకీని అడవికి తీసుకుపోవద్దనేవారు. కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, తెరిచినప్పుడు గురి ఎక్కడుందో చూసేవారు. అమ్మేవాళ్లు ఎంత తియ్యగా మాట్లాడినా ఒకటే మాట: "మీరు చెప్పుడు గాదన్నా, అది చెప్పాలె."

చివరికి అల్వాల్‌లోనే దొరికింది. నల్లగా, మొరటుగా, పగిలిన కర్రమడమకు ఇత్తడి తీగ చుట్టి ఉంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఉబ్బిన తూటాలు పెడుతూనే ఉన్నారు, అది కక్కుతూనే ఉంది. ఇంటావిడ రెండుసార్లు చాయ్ తెచ్చి, మూడోసారి "కొంటడా, గిట్లనే ఆడుకుంటడా?" అని లోపల భర్తను నిలదీసింది. మిస్త్రీ గారు తుపాకీ ఒళ్లో పెట్టుకుని "ఇగ ఇది మనది" అన్నారు.

రెండు చలికాలాలు అది ఒక్కసారీ మొరాయించలేదు. చేను నుంచి రాగానే తన కాళ్లు కడుక్కోకముందే గొట్టం తుడిచేవారు. "పని చేసింది అది. నేను ఊకె వెంట పోయిన" అనేవారు.

అంతలో ఎన్నికలు వచ్చాయి. ప్రజాస్వామ్యానికి మిస్త్రీ గారి వల్ల కలగగల ప్రమాదాన్ని నివారించే నిమిత్తం, లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో జమ చేయవలసిందిగా ఉత్తర్వులు వెలువడ్డాయి. రిజిస్టరులో రెండే గడులు: ఒంటి గొట్టం, జోడు గొట్టం.

"ఒకసారి నింపితే ఎన్నిసార్లు పేలుతది?" అడిగాడు హెడ్ కానిస్టేబులు.

"అయిదు."

"ఒకటికంటే ఎక్కువనే గదా. అయితే జోడే." టిక్కు పెట్టేశాడు.

"సార్, గొట్టం ఒక్కటే ఉన్నది."

"తీస్కపోయేటప్పుడు దిద్దుదం తియ్యి పెద్దాయనా. సంతకం పెట్టు."

పెట్టారు. పరీక్షించకుండా ఆయన నమ్మినది జీవితంలో ఆ ఒక్క మాటే.

ఎన్నికలు జరిగాయి. గెలిచినవారు ప్రమాణం చేశారు. ఓడినవారిలో కొందరు పార్టీ మారి వారూ ప్రమాణం చేశారు. తుపాకీ రాలేదు. లైసెన్సులో ఒంటి గొట్టం, రిజిస్టరులో జోడు గొట్టం. కనుక ఈ తుపాకీ ఈయనది కాదు. తప్పు దిద్దాలంటే పై అధికారి తుపాకీని చూడాలి. చూడాలంటే సీలు తీయాలి. సీలు తీయాలంటే ముందు తప్పు దిద్దాలి. ఈ వాక్యాలను నేను కోపం లేకుండా రాస్తున్నానని ఎవరైనా భావిస్తే అది నా భాషాలోపం.

నెలకోసారి మిస్త్రీ గారు నూనె సీసా, ఫ్లానెల్ గుడ్డ పట్టుకుని స్టేషనుకు వెళ్లేవారు. నేనూ వెళ్లేవాణ్ణి. సామాన్ల గది తెరిచిన తలుపులోంచి తుపాకీ కనిపిస్తూనే ఉండేది.

"ఏంది పెద్దాయనా, మల్ల షురూ చేసినవా? గవర్నమెంటు కాడ తుప్పు పడ్తదా?"

"తుప్పుకు గవర్నమెంటు తెల్వది సార్. సీలు ముట్ట. గొట్టం జెర తుడిచి పోత."

"గొట్టం గాదు, గొట్టాలు."

"ఒక్కటే ఉన్నది, మీరే చూస్తున్నరు గద!"

"నేను చూసుడు గాదు. రాసింది చూడాలె."

బయటికి వచ్చాక ఆయన తిట్టేవారు కాదు. ఆ పని నాకు వదిలేసి, నూనె అంటని గుడ్డను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకునేవారు. పోయిన నెల మాత్రం మెట్ల మీద కూర్చుండిపోయి అడిగారు: "పేలకపోయినా ఫరవాలే తమ్మీ. తుడిచి పోతనా, తుడవకనే పోతనా?"

గురువారం ఉత్తరం వచ్చింది. లైసెన్సుదారు వారం లోపల స్వయంగా హాజరై తన జోడు గొట్టాల తుపాకీని తీసుకొనవలెను; లేనిచో అది ప్రభుత్వపరమగును. మిస్త్రీ గారి భార్య, నేను చిన్నమ్మ అని పిలిచే ఆవిడ, ఉత్తరం పక్కన పెట్టి నా చేతిలో గుడ్డ, సీసా పెట్టింది. "తెచ్చుడు నీతోని గాదు బిడ్డా. ఒక్కసారి తుడిచి రా."

హెడ్ కానిస్టేబులు ఉత్తరం చదివి, "ఆయన్నే రమ్మను" అన్నాడు. ఆయన చనిపోయారన్నాను. "అయితే ఇంకా తక్లీఫ్" అన్నాడు.

బయటికి వచ్చి పక్క సందులోకి తిరిగాను. సామాన్ల గది కిటికీకి గడియ ఊడిపోయినట్టుంది. రెక్క మూసుకుపోకుండా ఊచల మధ్య నుంచి ఏదో అడ్డం పెట్టారు. దగ్గరికి వెళ్లాను. లోపల ఇత్తడి తీగ, ఎర్ర లక్క సీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఊచల బయటికి జానెడు గొట్టం వచ్చి, మూడు వానాకాలాల తుప్పుతో రెక్కను మోస్తోంది.

సీలు ముట్టలేదు. గుడ్డకు నూనె రాసి, అందినంత మేర తుడిచాను. గుడ్డ ఇటుకరంగుకు తిరిగింది. మడత మార్చి మళ్లీ తుడిచాను. నాలుగో మడతకు నల్లటి ఇనుము బయటపడి, సందులోని ఎండ దాని మీద నిలిచింది.

లెక్కపెట్టాను. ఒకటే.