సమీకరణంలో లేని సున్నం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మా భిలాయి స్టీల్ టౌన్‌షిప్ తెలుగు ఇళ్ళలో ఆడపిల్ల చదువుకి రెండు రకాల మర్యాదే ఉండేది. డాక్టరు కోర్సులో సీటొస్తే సెక్టరంతా మిఠాయి, బి.ఎడ్. అయితే వీధి వరకు. నేను చదివినదానికి మిఠాయి ఎంత దూరం పంచాలో, పంచినా ఎవరు ముట్టుకుంటారో మా అమ్మకి ఎంతకీ తేలలేదు. నేను ఎం.టెక్.లో మురుగునీటి శుద్ధి తీసుకున్నాను. అందులోనూ లెక్కల వైపు. మురుగులోని అమ్మోనియాని సూక్ష్మజీవులు ఏ రోజుకి ఎంత తినేస్తాయో సమీకరణాలతో ముందే చెప్పడం నా పని. (ఆ అమ్మోనియా అలాగే చెరువులో కలిస్తే చేపలు బతకవు. ఇది చెప్పినా అమ్మ ముఖం వికసించలేదు.) "ఎవరైనా అడిగితే ఏటి చెప్పమంటావే?" అంది. "లెక్కలు చదువుతోందని చెప్పు" అన్నాను. వారం తిరక్కుండానే సెక్టర్ 4లో మూడిళ్ళ వాళ్ళు ట్యూషను చెబుతానా అని అడిగారు.

నా ప్రయోగానికి రుఆబాంధా బస్తీ దాటాక ఊరి మురుగు చేరేచోట ఒక చిన్న సిమెంటు తొట్టె ఇచ్చారు. అందులోకి పగలూ రాత్రీ గాలి ఊదుతూ ఒక పంపు, దాన్ని కనిపెట్టుకుని ఒక ఆపరేటరు. అందరూ ఆయన్ని ముక్కు బాబాయి అనేవారు. ముక్కు పెద్దదని కాదు, తొట్టె మీదికి వంగి ఒక్కసారి పీల్చి లోపలి జీవుల క్షేమసమాచారం చెప్పేవాడు కనక. శ్రీకాకుళం వైపు మనిషి, తండ్రి తాళ్ళు గీసి కల్లు తీసేవాడట. మొదటిరోజే, "తల్లీ, ఈ పురుగులు పసిపిల్లల్లాటివి. మట్టి వాసనొచ్చిందా, కులాసాగున్నట్టు. మరో వాసనొచ్చిందా, ఏదో తేడా సేసినట్టు" అన్నాడు. నేను నవ్వి, అలాంటివన్నీ ఇప్పుడు కంప్యూటర్ చెబుతుందన్నాను. "అలాగేటి? దానికి ముక్కుంటాదేటి?" అన్నాడాయన, వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

కంప్యూటర్ రాయపూర్‌లో ఉండేది. ప్రోగ్రాములో ఒక్కో వాక్యాన్నీ ఒక్కో అట్టముక్క మీద చిల్లులుగా పొడిపించి, ఆ కట్ట ఇస్తే, మర్నాటికి జవాబు కాగితం చేతికొచ్చేది. పన్నెండో రోజుకి తొట్టెలో అమ్మోనియా దాదాపు పోతుందని జవాబొచ్చింది. ఆ ఆనందంలో పవర్ హౌస్ బజారు దగ్గర బస్సు దిగుతూ కట్ట జారవిడిచాను. మూడువందల పైచిలుకు అట్టలు బజారంతా పరుచుకున్నాయి. ఆటోవాళ్ళు, అరటిపళ్ళవాళ్ళు, అందరూ పాపం వంగి ఏరారు. "దీదీ, యే లాటరీ కా హై క్యా?" అని, లాటరీ టిక్కెట్లేమోనని ఒకడు చిల్లుల్లోంచి ఎండకేసి చూశాడు. ఇంటికొచ్చి పాత ప్రింటు ముందు పెట్టుకుని రెండు రోజులు వరస సర్దాను.

ఆ పన్నెండో రోజు వచ్చింది, వెళ్ళింది. అమ్మోనియా సగానికి తగ్గి అక్కడే కూర్చుంది. తప్పు తొట్టెలో ఉండొచ్చని నాకు తోచనేలేదు. అట్టల వరసే చెడిందని నిశ్చయించుకుని మళ్ళీ సర్దాను. తర్వాత సూక్ష్మజీవులు పెరిగే వేగం అంకె మార్చాను. మళ్ళీ మార్చాను. ఈ మధ్యలో బాబాయి రెండుసార్లు, "తల్లీ, నీరు పులిసిపోనాది. పుల్లటి వాసనొస్తంది" అన్నాడు. పులుపు చూసే రంగుకాగితం నా సొరుగులోనే ఉంది. తీసి ముంచితే సరిపోయేది. కాని నా సమీకరణాల్లో పులుపుకి చోటు లేదు, చోటు లేనిదాన్ని కొలవడమెందుకని ఊరుకున్నాను! (ఇరవైమూడేళ్ళ వయసులో మనిషికి ఎంత తెలుసో చూడండి.)

నేను చివరిసారి అంకె మార్చిన వారానికి అద్భుతం జరిగింది. అమ్మోనియా దిగడం మొదలైంది. రోజురోజుకీ తీసిన కొలతలు, కంప్యూటర్ అంకెలతో నేను గీసిన గీత మీద ముగ్గు చుక్కల్లా వచ్చి వాలాయి. నా థీసిస్ గైడు మాస్టారికి ఉత్తరం రాశాను. గుంటూరు వైపు మనిషి, మెచ్చుకోవడం ఆయనకి పెద్దగా అలవాటులేదు. అలాంటివారు వచ్చి గ్రాఫు చూసి, "బాగుందమ్మా. ఈ నెలలోనే థీసిస్ ఇచ్చెయ్" అన్నారు. బొంబాయిలో ఒక కంపెనీవాళ్ళు జులై మొదటి తారీకుకల్లా డిగ్రీ చేతిలో ఉంటే ఉద్యోగమిస్తామన్నారు. నేను మనసులో అప్పుడే రైలెక్కేశాను.

మాస్టారు పంపు షెడ్డులో టీ తాగుతుంటే చివరి నమూనా తీద్దామని తొట్టె దగ్గరికెళ్ళాను. అంచు మీద తెల్లగా ఏదో కారి ఎండిపోయి ఉంది.

"ఇదేంటి బాబాయ్?"

"సున్నం తల్లీ. గోడలకి ఎల్ల ఎయ్యడానికి తెచ్చినారు కదా, అందులోది. రోజూ పొద్దున్నే పిడికెడు ఏత్తన్నాను."

"ఎందుకు?"

"పులిసిపోనాదని సెప్పినాను కదేటి? నువ్వేటో లెక్కల్లో ఉన్నావు. మా అయ్య కుండకి సున్నం రాసేవోడు, కల్లు పులవకుండా. సరే, ఇక్కడా అదే కదాని ఏసినాను. పురుగులు మల్లీ తింతన్నాయి. మంచిదే కదా?"

నా కాళ్ళ కింద భిలాయి కదిలింది. ఆ జీవులు అమ్మోనియాని తింటూంటే నీళ్ళు పులుస్తాయి, పులిస్తే అవి తినడం మానేస్తాయి. పుస్తకంలో ఒక మూల చదివాను కూడా. నా గీత కలిసింది నా తెలివివల్ల కాదు, బాబాయి పిడికిలి వల్ల. షెడ్డుకీ తొట్టెకీ మధ్య ఇరవై అడుగులుంటాయేమో, ఆ ఇరవై అడుగుల్లో బొంబాయి వెళ్ళొచ్చాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బాబాయి మాత్రం మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకే చూస్తున్నాడు. ఆ చూపు ముందు అబద్ధం నడవలేదు.

"సార్, ఆ గీత తప్పు" అన్నాను, టీ ఇంకా సగం ఉండగానే. అంతా చెప్పాను. ఏడుపొచ్చింది గాని ముక్కు చీదుతూ సర్దుకున్నాను. మాస్టారు గ్లాసు కింద పెట్టి బాబాయిని పిలిచారు. బాబాయి చేతులు కట్టుకుని, "పిల్ల తప్పేటీ లేదు బాబూ, నానే అడక్కుండా ఏసినాను" అన్నాడు.

"రోజుకెంత వేశావయ్యా?"

"పిడికెడు బాబూ."

మాస్టారు నావైపు తిరిగి, "పిడికెడంటే ఎన్ని గ్రాములు? కొలవకుండా నా దగ్గరికి రాకు. ఈ పులుపుకి ఇంకో సమీకరణం రాసుకో. ఆరునెలలు పడుతుంది" అన్నారు. వెళ్ళేముందు మాత్రం బాబాయి భుజం తట్టారు. నా భుజం తట్టలేదు.

తర్వాత పదిరోజులు బాబాయి పొద్దున్నే పిడికెడు సున్నం తీసి నా త్రాసు పళ్ళెంలో పోసేవాడు. తన పిడికిలిని తూస్తున్నందుకు ఆయనకి మహా సిగ్గు. "నిన్న కొంచెం ఎక్కువైనాదా?" అని పరీక్ష రాసినవాడిలా అడిగేవాడు. బొంబాయి ఉద్యోగం ఇంకెవరికో పోయింది. "పోన్లే, అక్కడ మాత్రం ఏటుంది, అక్కడా మురుగే కదా" అంది అమ్మ. నన్ను ఓదార్చడానికి అంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు.

డిసెంబరులో, నీలం అట్ట వేసిన థీసిస్ తొట్టె దగ్గరికి పట్టుకెళ్ళి బాబాయికి చూపించాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. చేతులు పంచెకి తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పాడు. "మన పురుగులు ఎక్కడున్నాయి తల్లీ ఇందులో?" అన్నాడు. సమీకరణంలో ఎక్స్ అనే అక్షరం చూపించాను. దానికేసి చూసి, "లచ్చలకి లచ్చలు పురుగులు రాత్రీ పగలూ తిని సేసినాయి. అన్నిటికీ కలిపి ఒక్క అచ్చరమేనా?" అన్నాడు.

అప్పుడు థీసిస్ వెనక్కి అందుకుని పకపకా నవ్వేశాను. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళ మురుగుకి లెక్కలు కట్టాను, కంప్యూటర్లు బల్లమీదికే వచ్చేశాయి, బజార్లో జారిపోవడానికి అట్టలే లేవు. అయినా ఎక్స్ అని రాసినప్పుడల్లా, థీసిస్ గుండెలకి హత్తుకుని ఆ తొట్టె దగ్గర నిలబడి నవ్విన పిల్ల గుర్తొస్తుంది. ఆ పిల్ల ఆయనకి జవాబు చెప్పలేదు. నాకింకా తోచలేదు.