పోలింగుకు ముందు రోజు ఆర్మూరు నుంచి దుబాయికి ఒక ఫోను

తొంభైల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు, వేల్పూర్ దగ్గరి ఒక పల్లెలో సర్పంచ్ పదవి మహిళలకు కేటాయించారు. మా పెద్దమ్మ కూతురు గంగామణి అక్క పోటీకి దిగింది. బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను సాకుతున్న మనిషి. బావ దుబాయిలో కూలి. ఎదురు నిలబడింది ఊరి పెద్ద పటేల్ భార్య. అక్కకు తోడుగా ఉందామని పోలింగుకు ముందు రోజు పొద్దున నిజామాబాద్‌లో బస్సెక్కాను. గంటలోపే ఆర్మూరు వచ్చేస్తుంది. రాళ్లగుట్ట కనిపిస్తే దిగడానికి సిద్ధపడాలి. అక్కడి నుంచి వేల్పూర్ వైపు జీపులుంటాయి, నిండితేనే కదులుతాయి.

ఊళ్లో ఉండాల్సిన అక్క ఆర్మూరు బస్టాండులోనే ఎదురైంది. ముఖం పీక్కుపోయి ఉంది.

"పటేల్ ఇంటికి దుబాయి నుంచి ఫోనొచ్చిందట చెల్లె. మీ బావ నన్ను తప్పుకొమ్మన్నడట. నిన్నటి సంది ఊరంత గదే మాట."

"ఫోను దగ్గరికి నిన్ను పిలిపించలేదా?"

"లేదు. ఊర్ల ఉన్నది గా ఒక్క ఫోనే. దాంట్ల ఏమొచ్చిందో పటేల్ చెప్తెనే తెలుస్తది."

శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి బావ కూలీల క్యాంపులోనే ఉంటాడని, ఆయన్నే అడుగుదామని మార్కెట్ దారిలోని ఎస్టీడీ బూతుకు వెళ్లాం. గల్ఫ్‌కు మాట్లాడేవాళ్లతో అది నిండిపోయింది. "లైన్ కలుస్తలేదమ్మా, జర ఆగుండ్రి," అన్నాడు బూతు నడిపే పెద్దాయన. బయట లారీల్లోకి పసుపు బస్తాలు ఎత్తుతున్నారు, దుమ్ము గొంతులో పడుతోంది. ఆ మాట నిజమే అయితే అక్క ఏం చేస్తుందో ఊహించుకోలేకపోయాను. మధ్యాహ్నం దాటాక లైను కలిసింది. అక్క రిసీవర్‌ను మా ఇద్దరి చెవుల మధ్య పట్టుకుంది.

"నేను ఫోన్ చెయ్యలే. పటేల్‌తోని నాకేం పని?" అన్నాడు బావ. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే ఆయన గొంతు తగ్గింది. "అయినా తప్పుకో గంగామణీ. నేనీడ ఉన్న. రేపు నీకేమన్న అయితే పిల్లలను ఎవరు చూస్తరు?"

"నువ్వు చెయ్యలేదు గద. నాకు గంతే గావాలె," అని అక్క ఫోను పెట్టేసింది.

జీపులో ఆమె చెవిలో చెప్పాను, బావ రెండో మాట ఎవరికీ చెప్పొద్దని. ఊళ్లో ఆడవాళ్లు చుట్టిన బీడీలు అప్పజెప్పేచోట గుమిగూడి ఉన్నారు. అక్క వాళ్ల ముందు నిలబడింది.

"ఆయన పటేల్‌కు ఫోన్ చెయ్యలే. నేనే ఆర్మూర్ పోయి మాట్లాడిన. భయపడి తప్పుకొమ్మన్నడు, గది గూడ నిజమే. నేను తప్పుకుంటలేను."

అక్క ఉన్నదంతా చెప్పి పాడుచేసుకుందనే అనుకున్నాను. అప్పుడు సాయవ్వ అనే ముసలామె అడిగింది: "ఆర్మూర్‌కు పోతే దుబాయిల ఉన్న నా కొడుకుతోని గూడ మాట్లాడొచ్చా బిడ్డా? పటేల్ ఇంటి ముంగట నిలబడే పని లేదా?"

"లేదవ్వా. నేను తోలుకపోత," అంది అక్క.

మరునాడు అక్క కొద్ది ఓట్లతో గెలిచింది. ఆ సంతోషంలోనూ పటేల్ వాళ్ల భయంతో చాలా రోజులు పిల్లలను ఒంటరిగా బయటికి పంపలేదు.

ఊరికి ఫోను వస్తే జనం గొంతు పెరుగుతుందని నేను అమాయకంగా నమ్మిన రోజులవి. ఒక్క ఇంట్లోనే ఫోను ఉంటే, ఆ ఇంటాయన చెప్పిందే ఊరికి కబురు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనుంది. పోలింగుకు ముందు ఎన్ని మాటలు వచ్చి పడతాయో చూస్తున్నాను. అసలు మనిషికి ఫోన్ చేసి అడిగేవాళ్లు ఎందరో తెలియదు. అదే నా భయం. ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పసుపు వచ్చే రోజుల్లో పొద్దున్నే ఆర్మూరు మార్కెట్ దాటేయండి, లారీలు నిలిస్తే వేల్పూర్ దారి సాయంత్రం దాకా కదలదు.